ఆకుకూర నుండి నాడీమండలమునకు

కృష్ణపట్నము, మైపాడు మొదలగు మన నెల్లూరు తీరపు పల్లెలలో ఆకుకూర పప్పు ఎరుగని వారు లేరు. ఆ ఆకులలోని ఫోలిక్ ఆమ్లపు చరిత్రను నేడు ముచ్చటించుకొందము. లాటిన్ భాషలో ఆకు అను మాట నుండియే దానికాపేరు వచ్చినది.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరుని స్ప్రూ అను వ్యాధి వలన కోల్పోయినారు. 1923లో అమెరికా చేరి, హార్వర్డులో జీవరసాయన పరిశోధనలు సాగించినారు. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరినారు. 1945లో వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారై, స్ప్రూకును, ఒక విధమైన రక్తహీనతకును మందైనది. 1948లో వారు దివంగతులైనారు.

ఆ మందు ఉపయోగము అంతటితో ఆగలేదు. కణములు విభజన చెందుటకు ఈ ఆమ్లము అవసరము. గర్భస్థ పిండమున ఒక కణముల పొర ముడుచుకొని గొట్టమై, మెదడుగను వెన్నుపాముగను రూపొందును. ఆ గొట్టము సుమారు 28 దినములలో మూసుకొనవలెను. మూసుకొననిచో శిశువునకు అంగవైకల్యమో, మరణమో కలుగును. అట్టి శిశువును ఒకమారు కన్న తల్లులకు గర్భధారణకు ముందు నుండియే ఫోలిక్ ఆమ్లమిచ్చినచో, ఆ లోపము మరల కలుగుట నూటికి 72 పాళ్ళు తగ్గునని 1991లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి నిరూపించినది.

గర్భము నిలిచినదని తెలియునప్పటికే ఆ గొట్టము మూసుకొను గడువు చాలవరకు గడచిపోవును. ఆకుకూరలు ఉడికించిన నీటిని పారబోసినచో ఈ ఆమ్లము కొంత నష్టమగును. కావున సంతానము కోరు స్త్రీలు వైద్యుల సలహాతో ఆ మాత్రను ముందుగనే మొదలిడుట మేలని మనము గ్రహింపవలెను.