మా కాయితం చదివేదెవరు?

ఫస్లీ, దస్తావేజు, తహసీలు, జమాబందీ, ఖాస్రా. తెలంగాణ రైతు ఏ మతంవాడైనా వీటిని పలక్కుండా భూమి సంగతి మాట్లాడలేడు. అయినా ఉర్దూ కాయితం బయటికి తీస్తే జనం మా మొహాలే చూస్తారు.

1884లో నిజాం సర్కారు కచేరీ భాషను ఫార్సీ నుంచి ఉర్దూకు మార్చింది. సర్వే నెంబరు పుట్టుకను చెప్పే సేత్వార్ ఉర్దూలోనే ఉండేది. దాన్ని రాసి, కాపాడినవాళ్లలో కాయస్థులూ, బ్రాహ్మణులూ ఉన్నారు. ఇక రైతుకు, వాడు దూదేకులవాడైనా మాదిగైనా, పట్వారీ చదివి చెప్పిందే వేదం. ఆ రోజుల కోసం మేం కన్నీళ్లు పెట్టుకోవడం లేదు.

1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లొచ్చాయి. అంతకుముందు దస్తావేజును చేత్తో రిజిస్టర్లోకి ఎక్కించేవారు. అసలు చేతికి రావాలంటే రోజులు పట్టేది. ఆ నకలు పని పోయి స్కానింగ్ వచ్చింది. భూమి విలువ మిషనే లెక్కగట్టింది. దస్తావేజు లేఖరి మాత్రం గేటు బయటే ఉన్నాడు! 2001లో ఈసేవ, 2011లో మీసేవ. కరెంటు బిల్లుకూ, బీసీ-ఇ సర్టిఫికెట్టుకూ కౌంటరు దొరికింది. మంచిదే. పది బల్లలకు సలాం కొట్టే బాధ కొంత తగ్గింది.

2020 అక్టోబర్‌లో తెలంగాణలో వచ్చిన ధరణి అసలు పద్ధతినే మార్చింది. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఒకచోట, మ్యుటేషన్ ఇంకోచోట. వ్యవసాయ భూములకు రెండూ తహసీల్దార్ దగ్గర ఒకే రోజు అయ్యేలా చేశారు. ఆ తొందరలో పహాణీలోని కాస్తు కాలమ్ ఎగిరిపోయింది. పట్టా ఎవరిదో తెరమీద కనిపించేది, దున్నేదెవరో కనిపించేది కాదు. కౌలుకు దున్నే మావాళ్లూ, మీవాళ్లూ కలిసే మాయమయ్యారు. పైగా తప్పు దొర్లితే దిద్దే అధికారం అప్పుడు తహసీల్దార్‌కు లేకపోయింది. కాయితం మీద ఖాసిం కాశీం అవుతాడు, మహబూబ్ మైబు అవుతాడు. ఊళ్లో అందరికీ అతనెవరో తెలుసు. మిషన్‌కు మాత్రం ఇద్దరు మనుషులు.

2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. అప్పీలుకు దారి తెరిచారు. సరే, అప్పీలుకు వెళ్లినవాడు ఏం పట్టుకెళ్లాలి? 1954-55 ఖాస్రా పహాణీ, ఇంకా వెనక్కి పోతే సేత్వార్. అది ఉర్దూలో ఉంటే సొంత డబ్బుతో తర్జుమా చేయించుకోవాలి. 2017లోనే ఉర్దూను తెలంగాణ అంతటికీ రెండో అధికార భాష చేశారు కదా! తహసీలు ఆఫీసులో ఆ లిపి చదివే మనిషిని కూర్చోబెట్టండి. స్కాన్ చేసే ప్రతి ఉర్దూ కాయితం పక్కన తెలుగు పాఠం పెట్టండి. ఆ ఖర్చు రెడ్డి రైతు మీదా వద్దు, షేక్ రైతు మీదా వద్దు.