తుపానులు – ఉపగ్రహములు

1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనను మీలో పెద్దలు మరచియుండరు. సుమారు 10,000 మంది మరణించిరి. అప్పటికి మన ఆర్యభట్ట సోవియట్ రాకెట్టుపై ఆకాశమున కెగసి రెండేండ్లు దాటినది. కాని యది శాస్త్రపరీక్షలకై చేసినది. మేఘములను ఎడతెగక కనిపెట్టు సొంత ఉపగ్రహము మనకు లేకుండెను.

మనవారి అంతరిక్షకృషిలో ముందు దేనిని చెప్పవలెనని నన్నడిగినచో, చంద్రయాత్రకంటె ముందు ఇన్సాట్ పేరు చెప్పెదను. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమితోపాటే తిరుగుచు, ఒక్కచోటనే నిలిచినట్లుండి బంగాళాఖాతమును చూచుచుండును. మొదటిది 1982 ఏప్రిలులో ఎగిరి, సెప్టెంబరులోనే చెడినది. 1983 ఆగస్టులో అమెరికావారి నౌకపై వెడలిన ఇన్సాట్-1బి నిలిచి పనిచేసినది.

1990 మేనెలలో కృష్ణాతీరమును తాకిన తుపాను వెనుకటిదానికి బలమున తీసిపోదు. ఈమారు ఉపగ్రహము దాని నడకను ముందే చూపెను. జనమును లక్షలకొలది తరలించిరి. మృతులు వెయ్యికి లోపు. అది స్వల్పమని నా భావము కాదు. ఉపగ్రహము గాలిని ఆపజాలదు. వార్త గుడిసెదాక చేరవలెను, విన్నవారు కదలవలెను, తలదాచుకొనుటకు గట్టి కట్టడముండవలెను. దివిసీమ తరువాత తీరమున రక్షణగృహములు కట్టుటయు ఇందు కక్కరకు వచ్చినది.

ఆ వరుసలోని ఇన్సాట్-3డిఎస్ 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోటనుండి, మన రాకెట్టుమీదనే వెడలినది.