ట్యాపింగ్ కాగితం వస్తే కేబుల్ తమ్ముడు ఏం చెయ్యాల?

చిలకలూరిపేట, నరసరావుపేట, అద్దంకి... మిరపచేల మధ్య ఏ ఊరికి పోయినా కరెంటు స్తంభాల మీద ఫైబర్ తీగ వేలాడతానే ఉంటది. నిన్నటిదాకా కేబుల్ టీవీ నడిపినోళ్ళే ఇయ్యాళ నెట్ ఇస్తున్నారు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించాక ఈ పని ఇంకా పెరిగింది. మన తమ్ముళ్ళకి తీగ అతికించటం, రూటరు పెట్టటం బాగా వచ్చు. ‘ఫలానా వాడి నెట్ మీద కన్నెయ్యి’ అని ఎవరన్నా అడిగితే ఏం చెయ్యాలో మాత్రం తెలవదు. నేను కదిలిస్తే ఎక్కువమంది అనేది ఒకటే: ‘‘ఎస్సై గారు అడిగితే ఇవ్వక ఏం చేస్తాం అన్నా?’’

నోటిమాట మీద ఇవ్వకూడదు. నిఘా పెట్టమనే అధికారం ఎస్సైకి లేదు, సీఐకీ లేదు. 2023 టెలికాం చట్టం కింద 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం ఆ ఉత్తర్వు రాష్ట్రంలో అయితే హోం శాఖ కార్యదర్శి ఇవ్వాల. అత్యవసరమైతే ఐజీ స్థాయికి తగ్గని అధికారి ఇవ్వొచ్చు. అది కూడా ఏడు పనిదినాల్లో పైనుంచి ఆమోదం రాకపోతే ఆగిపోవాల. ఒక్కో ఉత్తర్వు 60 రోజులు, పొడిగించుకుంటా పోయినా 180 రోజులు దాటకూడదు. అక్రమంగా నిఘా పెట్టినోడికి మూడేళ్ళ దాకా జైలు, రెండు కోట్ల దాకా జరిమానా, లేదా రెండూ. ఎస్సై మాట కాదనలేక చేశానంటే కోర్టు ఊరుకోదు.

ఇంకో సంగతి. ట్యాపింగ్ వేరు, రికార్డులు అడగటం వేరు. ఫలానా కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో కావాలంటే స్టేషన్ అధికారి బీఎన్‌ఎస్‌ఎస్ 94వ సెక్షన్ కింద రాతపూర్వకంగా అడగొచ్చు. దానికి జవాబియ్యాల్సిందే. రెండిటినీ కలిపేసుకునే మనోళ్ళు చిక్కుల్లో పడతన్నారు.

లైసెన్సు ఎవరిదో బాధ్యత వాళ్ళది. దేశమంతటికీ ‘ఏ’, సర్కిల్‌కి ‘బీ’, చిన్న ప్రాంతానికి ‘సీ’ లైసెన్సు. నిఘాకి కావలసిన యంత్రం ఆ కంపెనీయే సొంత ఖర్చుతో పెట్టుకోవాల, ఉత్తర్వులు తీసుకోటానికి నోడల్ అధికారుల్ని పెట్టాల. ఫ్రాంచైజీ తీసుకున్న ఊరి ఆపరేటరు చెయ్యాల్సిందల్లా వచ్చిన కాగితాన్ని ఆ నోడల్ అధికారికి పంపటం, నోరు మూసుకోవటం. ‘మీవోడి మీద నిఘా పెట్టార్రోయ్’ అని టీకొట్టు కాడ చెప్పటం కూడా నేరమే.

సాంకేతికంగా చిన్నోళ్ళు తడబడేది ఒక్కచోట. ఐపీ అడ్రసులు చాలక వందల ఇళ్ళకి ఒకటే బయటి అడ్రసు ఇస్తారు. వీధి మొత్తానికీ ఒకటే డోర్ నంబరు అన్నమాట. ఏ నిమిషాన ఏ పోర్టు ఏ ఇంటికి ఇచ్చారో రాసిపెట్టకపోతే, ఎవరో చేసిన పనికి పక్కింటి పత్తి రైతు కొడుకు స్టేషన్లో కూర్చుంటాడు. ఆ రికార్డులు రెండేళ్ళు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చారు. రూటరు గడియారం పది నిమిషాలు తప్పు నడిచినా ఆ రికార్డుని నమ్మలేం.

పెద్ద కంపెనీలకే ఈ బాధ తప్పలా. 2015లో ఓటుకు నోటు గొడవప్పుడు మా ఫోన్లు ట్యాప్ చేశారని ఆంధ్ర, చెయ్యలేదని తెలంగాణ. బెజవాడ కోర్టు వివరాలు అడిగేసరికి టెలికాం కంపెనీలు అడకత్తెరలో పోకచెక్కలైనయ్. 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్టలో నమోదైన కేసులో ట్యాపింగ్ రికార్డుల హార్డ్ డిస్కులే ధ్వంసం చేశారని ఆరోపణ, ఒక డీఎస్పీ అరెస్టు.

1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ట్యాపింగ్‌కి పగ్గం వేసింది. కానీ ఉత్తర్వుల్ని సమీక్షించే కమిటీలో ఇప్పటికీ జడ్జి లేడు, ప్రధాన కార్యదర్శీ సాటి అధికారులే. నాకు ఇది మింగుడుపడదు. గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కే రైతు సంఘాల మీద ఏ రోజు కన్నేస్తారో ఎవరికి తెలుసు?

మీరు ఫ్రాంచైజీ నడిపేవాళ్ళయితే ఒప్పంద పత్రం బయటికి తియ్యండి. నోడల్ అధికారి పేరు, ఫోన్ నంబరు అందులో లేకపోతే కంపెనీ చేత రాయించుకుని ఆఫీసు గోడకి అంటించండి.