కొనువాని మొర - వర్తక శాసనము

గౌతమి ఒడ్డున రావులపాలెము అరటి గెలలకు పేరుపొందిన సంత. ఇట్టి సంతలో వర్తకులు కూడబలుక్కొని గెల ధర దించినచో రైతులందరు నష్టపోవుదురు. దిగుబడి రెట్టింపగునని ప్రకటించిన మందు బొంకైనచో దానిని కొన్న రైతు నష్టపోవును. మొదటిది పోటీని చెరచుట, రెండవది ప్రకటనతో వంచించుట. వీనికిని, ఒక్కొక్కని మొరకును గల సంబంధమును శాసన చరిత్రలో చూతము.

అమెరికాలో 1914లో ఏర్పడిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చూపు మొదట వర్తకుల నడుమ పోటీ మీదనే యుండెను. లావు తగ్గించునని ప్రచారము చేసిన మందొకదాని ప్రకటనలను అది ఆపబోగా, పోటీ వర్తకులకు హాని కలిగినట్లు ఋజువు లేదని 1931లో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసినది. కొన్నవాడు మోసపోయిన చాలదన్నమాట! 1938లో శాసనమును సవరించిన పిదపనే ఆ లోపము తీరినది.

మన దేశమును ఇంచుమించు ఆ త్రోవనే నడచినది. 1969 నాటి గుత్త వర్తక నిరోధక చట్టము, గుత్తలను అణచినచో కొనువారికి మేలు తానే కలుగునని తలచినది. 1978లో సచార్ సంఘము ఈ కొరతను ఎత్తిచూపగా, 1984లో మోసపు ప్రకటనలు అందు చేరినవి. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చి, ఒక్కడైనను పరిహారమడుగుటకు జిల్లా ఫోరములను కల్పించినది. 2002 నాటి పోటీ చట్టము అమలులోనికి రాగా, 2009లో పాత గుత్త చట్టము రద్దయినది.

మరి రైతు వినియోగదారుడగునా? నాసి విత్తనములచే నష్టపడిన ఆంధ్రప్రదేశ్ రైతులు ఫోరములకెక్కగా, జాతీయ విత్తన సంస్థ కాడని వాదించినది. 2012లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. అయితే గెలను అమ్మునపుడు అదే రైతు ఆ చట్టము దృష్టిలో వినియోగదారుడు కాడు. వర్తకుల కూటమిపై అతడు పోటీ కమిషనుకు తెలుపవచ్చును. కాని ఆ కమిషను పోటీని చక్కదిద్దునేగాని పరిహారమిప్పించదు. అందుకు అప్పిలేటు ట్రిబ్యునలును ఆశ్రయింపవలెను.

2019 నాటి కొత్త చట్టము క్రింద 2020లో కేంద్ర ప్రాధికార సంస్థ ఏర్పడినది. అబద్ధపు ప్రకటనకు 10 లక్షల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు అది జరిమానా విధింపగలదు. ఆ సొమ్ము మోసపోయినవాని చేతికి రాదు. అతడు తాను నివసించుచోటి జిల్లా కమిషనులోనే వేరుగ ఫిర్యాదు చేసికొనవచ్చును. కనుక మందు కొన్ననాడు రసీదును, ప్రకటన కాగితమును భద్రపరచుకొనుట మేలని శ్రోతలకు మా మనవి. అతని నష్టమును తీర్చుటకును, ఇరుగుపొరుగు మోసపోకుండ ఆ ప్రకటనను ఆపించుటకును అవే సాక్ష్యము.