'రిజిస్టర్' అనే ఒక్క మాటలో మన చరిత్ర



ఇంగ్లీషులో 'రిజిస్టర్' నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. పుస్తకమూ రిజిస్టరే, అందులో పేరు ఎక్కించడమూ రిజిస్టరే. తెలుగులో మాత్రం క్రియ కావాలంటే పక్కన 'చేయు' చేర్చాలి. అప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: ఎవరో మనల్ని రిజిస్టర్ చేశారా, మనమే చేయించుకున్నామా? మన తాతముత్తాతల కాలానికీ మన కాలానికీ ఉన్న తేడా అంతా ఇందులోనే ఉంది.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. మొదట ఉత్తరాదిన అమలైంది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన నెల్లూరు జిల్లాకూ వచ్చింది. ప్రభుత్వం ఒక తెగను నేరస్థ జాతి అని ప్రకటిస్తుంది. జిల్లా మేజిస్ట్రేటు ఆ తెగవాళ్ళ రిజిస్టర్ రాయిస్తాడు. పిలిచిన చోటికి పోయి పేరు చెప్పాలి, వేలిముద్ర వేయాలి. దొంగతనం చేశావా లేదా అని ఎవరూ అడగరు, ఆ తెగలో పుడితే చాలు.

ఎరుకలవాళ్ళు అంతకుముందు గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా అమ్ముకునేవాళ్ళు. ఉప్పు పన్ను, రైళ్ళు వచ్చి ఆ బతుకుతెరువు పోయింది. తిరుగుతూ బతికేవాళ్ళని అనుమానంగా చూశారు. యానాదుల్లో కూడా కొందరి మీద ఇదే ముద్ర వేశారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది, మన జిల్లాలో కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. అక్కడ రోజూ హాజరు పిలిచేవాళ్ళు, చెప్పకుండా బయటికి పోతే శిక్ష.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా భయం అంత తొందరగా పోలేదు. పేరు రాస్తామంటే మన పెద్దవాళ్ళు ఇప్పటికీ వెనకాడేది ఊరికే కాదు.

ఇప్పుడు హాస్టల్లో సాయంత్రం మన పేరు పిలుస్తారు, 'ప్రెజెంట్' అంటాం. అదీ రిజిస్టరే. కానీ ఇందులో పేరుంటే అన్నం, చదువు, స్కాలర్‌షిప్. లేకపోతే ఏమీ లేదు. అప్పుడు పేరు ఎక్కితే కష్టం, ఇప్పుడు ఎక్కకపోతే కష్టం.

చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి వైపు మన కాలనీల్లో జనన ధ్రువపత్రం, ఆధార్ లేని పిల్లలు ఇంకా ఉన్నారు. అవి లేక కుల ధ్రువపత్రం దగ్గర ఆగిపోతున్నారు. 1969 చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు చెప్తే ఫీజు లేకుండా నమోదు చేస్తారు. ఆలస్యమైనా దారి ఉంది, కానీ తిరగడం ఎక్కువ.

అందుకే సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. మన కాలనీలో ఎవరికి ఏ కాగితం లేదో కనుక్కుని, తోడు పోయి రాయిద్దాం. పెద్దవాళ్ళు భయపడితే కసురుకోవద్దు, ఈ చరిత్ర చెప్పండి. అప్పుడు వాళ్ళు మనల్ని రిజిస్టర్ చేశారు. ఇప్పుడు మనమే చేయించుకుంటున్నాం.