క్రిక్ సెర్చ్‌లైటు

ఫ్రాన్సిస్ క్రిక్ అనగానే మనందరికీ డీఎన్ఏ గుర్తొస్తుంది. 1953లో ఆ మెలితిరిగిన నిచ్చెన, 1962లో నోబెల్... అక్కడితో మన స్కూలు పుస్తకాలు ఆయన్ని వదిలేశాయి. ఆయన మాత్రం ఆగలేదు. 1976లో, అరవయ్యేళ్ళ వయసులో, కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి మెదడు మీద పడ్డాడు. 1984లో రాసిన ఒక పేపర్లో ఆయనొక ఊహ చేశాడు. అది సగం తప్పింది. నా దృష్టిలో ఆయన చేసిన మంచి పనుల్లో అదీ ఒకటి. ఎందుకో చెప్పాలంటే ముందు కొంచెం భూగోళం కావాలి.

మెదడు మధ్యలో, కుడివైపొకటి ఎడమవైపొకటి, కోడిగుడ్డు ఆకారంలో ఉండే ముద్దలే థాలమస్. చూపు, వినికిడి, స్పర్శ... ఒక్క వాసన తప్ప దాదాపు అన్నీ ముందు ఇక్కడికొచ్చి, ఇక్కణ్ణుంచే పైనున్న కార్టెక్స్‌కి వెళ్తాయి. ఈ గుడ్డుకి బయటివైపు పెంకులాగా ఒక పల్చటి పొర అంటుకుని ఉంటుంది. దాని పేరు థాలమిక్ రెటిక్యులర్ న్యూక్లియస్. పేరు పొడుగు కాబట్టి టీఆర్ఎన్ అనుకుందాం (మూడక్షరాల పొట్టిపేర్లు మన వృత్తిలో కొత్తేం కాదు కదా!). థాలమస్ నుంచి పైకెళ్ళే తీగలూ, పైనుంచి దిగే తీగలూ ఈ పొరలోంచి దూరి పోవాల్సిందే. పోతూ పోతూ ఒక్కో చిన్న కొమ్మని ఇక్కడ వదిలి పోతాయి. అంటే రెండువైపుల ట్రాఫిక్కూ దీనికి తెలుస్తుందన్నమాట.

ఇది కూడా కార్టెక్స్‌కి సంకేతాలు పంపి దాన్ని మేలుకొలుపుతుందని చాలాకాలం అనుకున్నారు. 1966లో లాస్ ఏంజెలెస్‌లో మాడ్జ్ షీబెల్, ఆర్నల్డ్ షీబెల్ అనే దంపతులు గాల్జీ పద్ధతిలో రంగు పట్టించి కణాలని చూస్తే, తీగలు పైకి కాదు, వెనక్కి తిరిగి థాలమస్‌లోకే పోతున్నాయి! 1980లో ఇంకో ముక్క దొరికింది. ఈ కణాల్లో అత్యధికం గాబా అనే రసాయనాన్ని వాడతాయి. గాబా పని అవతలి కణాన్ని అణచటం. అంటే ఈ పొర పైవాళ్ళతో నేరుగా ఒక్క మాటా మాట్లాడదు, కిందవాళ్ళకి చెప్పేది ఒక్కటే మాట: "వద్దు". (ఇలాంటి మేనేజర్లు మీకు గుర్తొస్తే నా పూచీ లేదు.)

నిద్ర సంగతి చెప్పకపోతే కథ సగమే. ఆల్ఫ్రెడ్ లూమిస్ అనే వాల్‌స్ట్రీట్ ధనవంతుడు, 1929 పతనానికి ముందే డబ్బు బయటికి తీసుకున్న తెలివైనవాడు, టక్సీడో పార్క్‌లో సొంతంగా ఒక ల్యాబు పెట్టుకున్నాడు. 1935లో అక్కడ నిద్రపోయేవాళ్ళ మెదడు తరంగాలు రికార్డు చేస్తే, సెకనుకి సుమారు 14 సార్లు ఊగుతూ, ఉబ్బి, మళ్ళీ సన్నబడి ఆగిపోయే గీతలు కనిపించాయి. నూలు చుట్టిన కదురులా ఉంటాయి కాబట్టి స్పిండిల్స్ అన్నారు. అవి పుట్టే చోటు పట్టుకున్నది రుమేనియా నుంచి కెనడా వెళ్ళి స్థిరపడ్డ మిర్చా స్టెరియాడె. 1985లో పిల్లుల్లో టీఆర్ఎన్‌కీ థాలమస్‌కీ మధ్య లింకు తెంచితే థాలమస్‌లో స్పిండిల్స్ మాయం. 1987లో టీఆర్ఎన్‌ని విడదీసి చూస్తే దాంట్లో మాత్రం అవి కొట్టుకుంటూనే ఉన్నాయి. డీబగ్గింగ్ అంటే అదీ! స్పిండిల్స్ ఎక్కువున్నవాళ్ళు చప్పుళ్ళకి తొందరగా లేవరని 2010లో మనుషుల మీదే చూశారు.

ఇప్పుడు క్రిక్ దగ్గరికి వద్దాం. థాలమస్ ద్వారమైతే టీఆర్ఎన్ దానికి కాపలాదారు అన్నాడాయన. మన భాషలో జయవిజయులు, అటొకరు ఇటొకరు. అంతటితో ఊరుకోకుండా మన ధ్యాస ఒక సెర్చ్‌లైటు లాంటిదనీ, దాన్ని అటూ ఇటూ తిప్పేది ఈ పొరేననీ అన్నాడు. అణిచేది వెలిగించటమెలా? సరిగ్గా ఆ ఏడాదే జాన్‌సెన్, యీనాస్ థాలమస్ కణాల వింత లక్షణం ఒకటి అచ్చువేశారు. కాసేపు అణిచి ఉంచితే, వదిలాక అవి గబగబా పేలతాయి. ఆ పేలుడే వెలుగు అన్నాడు క్రిక్.

అలా తేలలేదు. 2008లో అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో రాబర్ట్ వర్ట్జ్ బృందం కోతుల్లో కొలిస్తే, ధ్యాస పెట్టిన వస్తువుకి థాలమస్ కణాలు గట్టిగా స్పందించాయి, టీఆర్ఎన్ కణాలు మాత్రం తగ్గాయి. అంటే కాపలావాడు చెయ్యి దించితే దృశ్యం లోపలికొచ్చింది. 2015లో మైకేల్ హలాసా బృందం ఎలకలకి వెలుగూ శబ్దమూ రెండూ ఇచ్చి ఒకదాన్నే పట్టించుకోమంది. శబ్దం వినాల్సినప్పుడు చూపు తాలూకు టీఆర్ఎన్ పుంజుకుంది, చూపు మసకబడింది. ఆజ్ఞ వచ్చింది మెదడు ముందుభాగం నుంచి. అంటే ఇక్కడ జరిగేది దీపం పెట్టడం కాదు, మిగతా దీపాలు తగ్గించడం.

మనవాళ్ళు వెంటనే "ఫైర్‌వాల్" అంటారు. నాకా పోలిక నచ్చదు. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ని ఆపుతుంది, లేదా వదుల్తుంది. ఇది వాల్యూం తగ్గిస్తుందంతే. పూర్తిగా మూసేస్తే పక్క క్యూబికల్ కాల్‌లో మన పేరు వినబడగానే ఎందుకు తలెత్తుతాం?

ఇదంతా ఉత్త సిద్ధాంతం కాదు. పీటీసీహెచ్‌డీ1 అనే జన్యువు దెబ్బతిన్న కొందరిలో ఆటిజం, ధ్యాస నిలవకపోవటం కనిపిస్తాయి. 2016లో ఆ జన్యువు తీసేసిన ఎలకల్లో టీఆర్ఎన్ బలహీనపడి, ధ్యాస చెదిరి, నిద్ర ముక్కలైంది. టీఆర్ఎన్ కణాల్లో దెబ్బతిన్న ఒక ఛానెల్‌ని మందుతో సరిచేస్తే ధ్యాస కొంత తిరిగొచ్చింది. నిద్రా ధ్యాసా రెండూ ఒకే పొర దగ్గర కలవటం నాకన్నిటికన్నా ఆశ్చర్యం. "పిల్లాడికి శ్రద్ధ లేదండీ" అని మందలించే మనదేశపు టీచర్లకి ఈ ఎలకల సంగతి ఎవరైనా చెప్తే బావుణ్ణు.

యంత్రాంగం తప్పినా, చూడాల్సిన చోటు క్రిక్ సరిగ్గానే చూపించాడు. ప్రయోగం చేసి కొట్టిపారేయగలిగేంత స్పష్టంగా చెప్పాడు కూడా. 2008 ఫలితం చూడటానికి మాత్రం లేడు, 2004 జూలైలో పోయాడు. చివరి రోజుల్లో కూడా క్లాస్ట్రమ్ అనే ఇంకో పల్చటి పొర మీద పేపరు దిద్దుతూనే ఉన్నాడట. క్రిస్టాఫ్ కోచ్‌తో కలిసి రాసిన ఆ పేపరు 2005లో అచ్చయింది. ఈసారి పోలిక సెర్చ్‌లైటు కాదు, ఆర్కెస్ట్రా కండక్టరు.