చేపలతో పాటు చరిత్ర: మాంటెరే ఫీల్డ్ ట్రిప్

స్కూలు ఫీల్డ్ ట్రిప్ అంటే మనలో చాలామందికి పిక్నిక్ లెక్కే. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం సంగతి చూడండి. 1984లో తెరిచిన ఈ అక్వేరియం, ఒకప్పుడు సార్డీన్ చేపల్ని డబ్బాల్లో నింపిన హోవ్డెన్ క్యానరీ స్థలంలో ఉంది. చేపల్ని విచ్చలవిడిగా పట్టడం, దానికి సముద్రంలో మార్పులు తోడవడంతో 1940ల చివర్లో సార్డీన్లు తగ్గిపోయి, క్యానరీలు వరసగా మూతపడ్డాయి. సైన్సు, ఎకనామిక్స్ రెండూ ఒక్కచోటే! ఇక సాహిత్యమంటారా, స్టైన్‌బెక్ నవల 'క్యానరీ రో' 1945లో వస్తే, 1958లో ఆ వీధికే నవల పేరు పెట్టారు.

కాలిఫోర్నియా స్కూళ్ళకి ప్రవేశం ఉచితం, ముందే బుక్ చేసుకోవాలి. బస్సు ఖర్చుకి చందా అడగొచ్చు గానీ, డబ్బు లేదని పబ్లిక్ స్కూలు ఏ పిల్లనీ ఆపకూడదని రాష్ట్ర విద్యా చట్టం (సెక్షన్ 35330) చెబుతోంది. తోడు వెళ్ళే తల్లిదండ్రుల్ని కొన్ని డిస్ట్రిక్టులు టీబీ పరీక్ష, వేలిముద్రలు అడుగుతాయి. అవి ముందే చేయించుకోండి.